గాలమునకెంత, వలకెంత?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములు వరిచేలకును, శనగచేలకును, నవనందులకును, అహోబిల క్షేత్రమునకును, ఆళ్లగడ్డ శిల్పుల ఉలికిని ప్రసిద్ధి వహించిన సీమయే గాని చేపలకు పేరెన్నిక గన్న సీమ కాదు. కుందూనదికి వరద వచ్చిన నెలలలోను, వానకు నిండిన చెరువులు ఎండువరకును దొరకిన మీనములే పూర్వమీ ప్రాంతపు నీటిపంట. గడచిన నూటయేబది యేండ్లలో, విశేషించి శ్రీశైలము ఆనకట్ట నిండిన తరువాతి నలువది యేండ్లలో, ఈ సీమ నడుమ కాలువలును, రెగ్యులేటర్లును, బ్యాలెన్సింగ్ రిజర్వాయర్లును వెలసినవి. నీటితోపాటు చేపలును, చేపలతోపాటు వానిపై హక్కు చెప్పుకొను మనుష్యులును వచ్చిరి. ఈ చేపలో ఎవరి పాలు ఎంత యనునదే ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న.

ఐరోపా, అమెరికా ఖండములయందు ఈ ప్రశ్న వినోదార్థము గాలము వేయువారికిని, వ్యాపారార్థము పట్టువారికిని నడుమ కోటాల తగవుగా, న్యాయస్థానముల వరకు ప్రాకిన వ్యాజ్యముగా రూపొందినది. మన సీమలో దానికట్టి అంకెల రూపము లేదు. లైసెన్సు, లీజు, వలకన్ను, వేట విరామము అను నాలుగు మాటల చాటున అదే తగవు సాగుచున్నది. మన జలాశయములలో గాలమునకును బెస్తవాని వలకును గల వైరము పైకి కనబడునంత లోతైనది కాదనియు, ఆ యిరువురి వాటాను మ్రింగుచున్నది చేపపిల్లనే పట్టు పెట్టుబడి వల యనియు, పంపకమునకు పూనుకొనువారు మొదట దాని సంగతి తేల్చవలెననియు నా యభిప్రాయము. కారణములను క్రమముగా చెప్పెదను.

ముందు నీటి నడకను తెలిసికొనవలెను. తుంగభద్రపై సుంకేసుల యొద్ద మొదలై కడప వరకు సాగు కె.సి. కెనాల్‌ను మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1863 మొదలు 1870 వరకు త్రవ్వించిరి. పంటలకును పడవలకును గూడ నుద్దేశింపబడిన ఆ కాలువ కంపెనీకి లాభింపక 1882లో ప్రభుత్వపరమయ్యెను. శతాబ్దము గడచిన పిమ్మట శ్రీశైలము నొద్ద కృష్ణ నిలిచి, నీరు 885 అడుగుల మట్టమున కెక్కునట్లు ఆనకట్ట లేచినప్పుడు, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూరుకు పైగా గ్రామములు ముంపునకు గురియైనవి. ఆ జలాశయమునుండి పోతిరెడ్డిపాడు తూముల గుండ వెలువడిన నీరు బనకచెర్ల క్రాస్ రెగ్యులేటరు నొద్ద పాయలగును: ఒక పాయ దాదాపు 17 టి.ఎం.సి.లు పట్టు వెలుగోడు రిజర్వాయరును నింపి తెలుగుగంగ పేరున ఆళ్లగడ్డ వైపునకును, ఒక పాయ కుడిగట్టు కాలువయై గోరకల్లు, అవుకు జలాశయములకును, మరియొక పాయ నిప్పులవాగు మీదుగా కె.సి. కెనాల్‌కును పోవుచున్నది. కావున శ్రీశైలమున విడిచిన చేపపిల్ల ఆ జలాశయముననే పెరుగునని నియమము లేదు. అది వెలుగోటిలో పెద్దదై, ఆళ్లగడ్డ పొలిమేర పంటకాలువలో ఒక పిల్లవాని గాలమునకు చిక్కవచ్చును. దానిని విడిచినది ప్రభుత్వము, మోసినది కాలువ, పట్టినది పిల్లవాడు. ఇట్టి చేపకు యజమానిని చెప్పుట సులభము కాదు.

ఇక మనుష్యులు. వలవారిలో మొదటివారు బెస్తలు. వెదురుతో అల్లి, అడుగున పట్టా కప్పి తారు పూసిన గుండ్రని పుట్టి వారి వాహనము. సాయంకాలము ఇద్దరు పుట్టిలో పోయి, పైయంచున బెండ్లును, క్రిందియంచున గుండ్లును గల వలను నీటిలో నిలిపి, తెల్లవారుజామున దానిని తీసి, బొచ్చె, రాగండి, మోసు, జెల్ల, వాలుగ అని వేరుచేసి గట్టుమీద కాటాకు వేయుదురు. కాటా దళారిది, ధర దళారిది, అనేక స్థలములలో వలయు దళారి యిచ్చిన అప్పుతో కొన్నదియే. చెరువులైనచో మత్స్యకారుల సహకార సంఘము లీజు కట్టి పిల్లలను పోసి పట్టుకొనును. పెద్ద జలాశయములలో మనిషికి ఇంత యని రుసుము చెల్లించి లైసెన్సు తీసికొనవలెను. లైసెన్సు నీటిపైకి పోవుటకు అనుమతి నిచ్చునే గాని, ఎన్ని కిలోలు పట్టవలెనో చెప్పదు. ముంపులో భూములు పోగొట్టుకొన్న కుటుంబములలోను కొన్ని ఈ నీటినే నమ్ముకొన్నవి.

గాలమువారిలో రెండు తెగలు కలవు. కాలువగట్టున, చెరువుకట్టపై, తూము దిగువ మడుగునొద్ద కూర్చుండువాడు మొదటి తెగవాడు. వెదురుకర్ర, నైలాన్ దారము, నెమలియీక కాడ తునక, ముల్లు, డబ్బాలో తడిమట్టితో వానపాములు, లేదా గోధుమపిండి ముద్ద: ఇంతే ఆతని సామగ్రి. నీటిపై నిలిచిన ఈక చిన్నచిన్నగా అదరినచో పరకలు ఎరను కొరుకుచున్నవని ఆతడు కర్ర నెత్తడు. ఈక నెమ్మదిగా ప్రక్కకు వాలి నిలకడగా నడచినచో మంచి చేప యెరను నోటికి తీసికొన్నదని యెరిగి మణికట్టును విరిచి పైకి లాగును. సాయంత్రమునకు దొరకినవి నాలుగు జిలేబి చేపలు, రెండు జెల్లలు. ఆ రాత్రి కూరకు చాలును. ఇది వినోదమా, జీవనమా? కూలిపని దొరకని దినమున ఇది జీవనము. ఆదివారమున ఇదియే వినోదము. రెండవ తెగవారు పట్టణములనుండి రీలు బిగించిన కర్రలతో వచ్చి, పెద్దచేపతో పోరాడుటయందలి ఆనందమునకై వేటాడి, సెల్‌ఫోనులో చిత్రించుకొని, కొందరు చేపను మరల నీటిలో విడుచువారు. పాశ్చాత్యులు వినోదపు వేటగాడని పిలుచునది వీరినే. మన గట్లపై వీరి సంఖ్య స్వల్పము, నానాట పెరుగుచున్నది.

మన దేశమున చేపల చట్టములు పుట్టిన తీరు ఈ సందర్భమున స్మరింపదగినది. 1873లో ఫ్రాన్సిస్ డే అను మత్స్యశాస్త్రజ్ఞుడు భారత, బర్మా దేశముల మంచినీటి చేపలపై నివేదిక వ్రాసి, సన్నకన్ను వలలవలనను, అడ్డుకట్టలవలనను చేపపిల్లలు నశించుచున్నవని ప్రభుత్వమును హెచ్చరించెను. ఆ సంవత్సరమే మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సలివన్ థామస్ భారతదేశమున గాలపు వేటను గూర్చి గ్రంథము ప్రకటించెను. 1879 నాటి నీలగిరి చట్టము వేటజంతువులతోపాటు చేపలకును రక్షణ కల్పించినది. 1897 నాటి భారత మత్స్యచట్టము నీటిలో మందుగుండు ప్రేల్చుటను, విషము కలుపుటను నిషేధించి, వలకన్ను పరిమాణమును, వేట నిలుపవలసిన కాలమును నిర్ణయించు అధికారమును ప్రాంతీయ ప్రభుత్వముల కిచ్చినది. చేపను రక్షింపవలెనను తలంపు దొరల గాలముతో కొంతయు, శాస్త్రజ్ఞుని దూరదృష్టితో కొంతయు మన చట్టములలో ప్రవేశించినదన్నమాట. బెస్తవాని బ్రతుకు వానిలో ముఖ్యస్థాన మాక్రమింపలేదు. 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ చేతులమీదుగా మద్రాసు మత్స్యశాఖ యేర్పడినప్పుడును, స్వాతంత్ర్యానంతరము సహకార సంఘములు వెలసినప్పుడును ఆ లోపము కొంతవరకు సవరింపబడెను.

కోటా యనునది పరిపూర్ణరూపమున కనబడునది అమెరికాయందు. మెక్సికో సింధుశాఖలో రెడ్ స్నాపర్ అను ఎఱ్ఱని సముద్రపుచేప యొకటి కలదు. ఏటికి ఇన్ని పౌనులు మాత్రమే పట్టవలెనని నిర్ణయించి, 1990 ప్రాంతమున దానిలో 51 పాళ్లు వృత్తివేటకును, 49 పాళ్లు వినోదపు వేటకును విభజించిరి. 2007లో వృత్తివారి భాగమును ఒక్కొక్కని పేర వ్యక్తిగత వాటాలుగా పంచగా, వారు తమ వాటాను ఏడాది పొడుగున, ధర బాగున్నపుడు పట్టుకొను వెసులుబాటు పొందిరి. వినోదపు వేటగాండ్రకు మాత్రము నాడు వాటా యందరికిని కలిపి యొక్కటే. పడవలు లక్షలు, రేవులు వేలు. వారు పట్టినది తూచు కాటా లేదు, అంచనా కలదు. కోటా దాటునను భయముచే కాలపరిమితిని కుదించుచు పోగా, 2017లో సొంత పడవలవారికి కేంద్రజలములలో మొదట మూడు దినములు మాత్రమే మిగిలెను. నిరసనలు చెలరేగగా మరి 39 దినములు పొడిగించిరి. వినోదపక్షమున కెక్కువ పాలు నిచ్చిన సవరణను అదే యేడు న్యాయస్థానము కొట్టివేసినది. శాతములు నిర్ణయించుటతో తగవు తీరలేదు. లెక్కకు వచ్చు వాటాకును, అంచనాకు మాత్రమే అందు వాటాకును నడుమ అది కొత్తగా మొలకెత్తెను.

ఐరోపా తీరమున సీబాస్ అను చేప తగ్గిపోవగా 2015లో ఐరోపా సమాఖ్యవారు గ్రుడ్లు పెట్టు ఋతువున ట్రాలింగును నిలిపి, గాలమువానికి దినమునకు మూడు చేపలని హద్దు పెట్టిరి. మరుసటి యేట మొదటి ఆరు నెలలు చేపను ఇంటికి తీసికొనిపోరాదనియు, పిదప దినమున కొక్కటియే యనియు బిగించిరి. చేపను తరుగజేసినది పెద్దవలలు కాగా శిక్ష తమకేల యని గాలమువారు ప్రశ్నించిరి. గాలములు వేలకొలది యైనప్పుడు అవియు పెద్దవలతో సమానమేయని వృత్తివారు బదులు చెప్పిరి. ఈ రెండు వాదములలోను సత్యమున్నది. ఒంటరి గాలము హాని సేయదు. గాలముల సమూహము చేయగలదు. ఏ నీటిలో ఎన్ని గాలములున్నవో చూడక తీర్పు చెప్పరాదు.

మన దేశమున గాలమువాడు చేపకు కావలివాడైన దృష్టాంతమొకటి కావేరీతీరమున కలదు. కర్ణాటకమునందలి భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమకాలి శిబిరములలో మహసీరు చేపను గాలముతో పట్టి, తూచి, సజీవముగ విడుచు పద్ధతి ప్రసిద్ధికెక్కినది. చేపలను చంపినవారే కొందరు అచ్చట కావలివారుగను, మార్గదర్శకులుగను పనిచేసి జీతము పొందిరి. ఆ స్థలములు అభయారణ్యములోనివి గావున వన్యప్రాణి సంరక్షణ చట్టముననుసరించి 2010 దాటిన తొలి యేండ్లలో ఆ వేట నిలిచిపోయినది. కావేరి మహసీరు 2018లో అత్యంత ప్రమాదస్థితిలోని జాతుల పట్టికలో చేరినది. చేప గట్టుమీదికంటె నీటిలో సజీవముగ నున్నప్పుడే విలువైనదని నమ్ము మనుష్యులు నదికి లాభమేయని గాలము పక్షమువారు చెప్పుట యుక్తము. ఐతే ఆ విలువలో పాలు ఆ తీరపు జాలరికి దక్కినప్పుడే ఆ యుక్తి నిలుచును. విడిదిగృహపు యజమానికి మాత్రమే దక్కినచో, వినోదము పేరున జాలరిని గట్టుదింపుటయే యగును.

ఇంతవరకు చెప్పినది రెండు పక్షముల తగవు. శ్రీశైలము వెనుకనీటియందు మూడవ పక్షమొకటి కలదు. దాని పేరు అలివి వల. దోమతెర గుడ్డవంటి సన్నని కన్నుతో, వందల గజముల పొడవున కుట్టిన ఆ వలకు ఒక కొసను గట్టున నిలిపి, రెండవ కొసను పడవపై అర్ధచంద్రాకారముగ త్రిప్పి తెచ్చి, ఇరుప్రక్కల కూలీలు బారులు తీరి గంటలకొలది లాగుదురు. వేసవిలో నీటిమట్టము పడిపోయి, చేపపిల్లలు అంచున మేయు పల్లపు నీటిలోనే ఈ లాగుడు సాగును. గట్టుకు వచ్చిన కుప్పలో పరకలు, చిరురొయ్యలు మాత్రమే గాక, ప్రభుత్వము డబ్బుపోసి కొని విడిచిన బొచ్చె, రాగండి పిల్లలు వ్రేలెడేసి పొడవున వెండిరేకులవలె మెరయుచుండును. వానిని ఇసుకపై ఎండబెట్టి ఎండుచేపగా బస్తాల కెత్తుదురు. కొన్ని నెలలు ఆగినచో కిలో తూగవలసిన చేప అక్కడ పిడికెడు ఎండుగా పోవుచున్నది. తుంగభద్ర జలాశయమున ఇదే వలవలన కలుగు నష్టమును శాస్త్రజ్ఞులు దశాబ్దముల క్రిందటనే హెచ్చరించిరి. నిషేధము కలదు; అధికారులు వలలను పట్టుకొని తగులబెట్టుటయు కలదు; మరుసటి వేసవికి మరల అలివి దిగుచున్నది.

ఇచ్చట నిందను సరియైన చోట మోపవలెను. అలివిని లాగువారిలో అనేకులు కోస్తానుండి కుటుంబములతో వలసవచ్చి, గట్టున పట్టాల గుడిసెలు వేసికొని, ముందుగా పుచ్చుకొన్న అడ్వాన్సు తీరువరకు కదలలేని కూలీలు. వల వారిది కాదు, చేపయు వారిది కాదు. వల కుట్టించిన పెట్టుబడిదారు గట్టున కనబడడు. తగవు మాత్రము స్థానిక బెస్తకును వలసకూలికిని నడుమ, పేదకును పేదకును నడుమ చెలరేగుచున్నది. ఈ నీటికి రెండవ గట్టు తెలంగాణము. అచ్చటి ప్రభుత్వము 2016 నుండి ఉచితముగ చేపపిల్లలను విడుచుచున్నది. ఒక గట్టువారు పోసిన పిల్ల రెండవ గట్టున పెరుగును. ఒక గట్టున వేటకు విరామము ప్రకటించి రెండవ గట్టున ప్రకటింపనిచో, విరామము పాటించినవాడే నష్టపోవును. నీటిలో నొకభాగము నల్లమల పులుల అభయారణ్యమును ఒరసికొని యుండుటచే అటవీశాఖ నియమములును తోడగును. ఇన్ని అధికారముల నడుమ చేపకు బాధ్యుడని చెప్పదగినవాడు కరవైనాడు.

తెలుగుసీమ అంతట ఈ రోగలక్షణములే కనబడును. సముద్రతీరమున 1994 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము క్రింద తీరమునుండి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ జాలరులకు విడువబడినది. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలకు వేట నిషిద్ధము. హద్దును, ఋతువును నిర్ణయించిరి గాని కోటాను నిర్ణయింపలేదు. 2022 జనవరిలో విశాఖ తీరమున పెదజాలరిపేట, వాసవానిపాలెము జాలరుల నడుమ రింగువలల విషయమై తగవు ముదిరి పడవలు తగులబడినవి. దీనికి భిన్నముగ, తెలుగు తమిళ సీమల నడుమనున్న పులికాట్ సరస్సున పాడు అను ప్రాచీనమైన కట్టుబాటు కలదు. మంచి చేప దొరకు తావులను గుర్తించి, హక్కుగల కుటుంబములకు చీట్లు వేసి వంతులవారీగా పంచుదురు. నేడు మంచి తావు దొరకినవానికి రేపు సామాన్యపు తావు. హక్కు అందరికిని లేదనునది ఆ పద్ధతిలోని దోషము. కులము వెలుపలివానికి అందు చోటు లేదు. అయినను చేపను తూచకయే అవకాశమును పంచవచ్చునని అది నిరూపించినది.

మన జలాశయములకు అమెరికా తరహా అంకెల కోటా పొసగదు. ఇచ్చట ఒకే వలలో పది జాతులు పడును. ఏ జాతికి కోటా? నీటిమట్టము వరద యేట ఒకరీతిగను, కరవు యేట మరియొకరీతిగను ఉండును. నిరుటి పట్టు ఈ యేటికి ప్రమాణము కాదు. రేవులు అనేకములు, కాటాలు దళారులవి. పంచుకొనుటకు పంటయు విస్తారము కాదు: 1995లో ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురించిన సుగుణన్ గారి గ్రంథము ప్రకారము మన దేశపు పెద్ద జలాశయములలో హెక్టారుకు ఏటికి సుమారు 11 కిలోల చేప మాత్రమే లభించుచుండగా, చిన్న జలాశయములలో సుమారు 50 కిలోలు లభించుచుండెను. విడిచిన పిల్లలు కిలో తూగువరకు బ్రతికినచో, గాలమునకును వలకును ఇద్దరికిని ఇప్పటికంటె అధికము దక్కును. 1957 జూలై 10న ఒడిషాలో హీరాలాల్ చౌదరి ప్రేరిత ప్రజననముచే చేపలచే గ్రుడ్లు పెట్టించిన నాటినుండి విత్తనమునకు లోటు తీరినది. ఆ విత్తనమును కాపాడుటయే మనకు తక్కువైనది.

కాన నాకు తోచిన పద్ధతి యిది. అలివిపై నిషేధము గట్టున వలను తగులబెట్టుటతో ఆగక, వలకు పెట్టుబడి పెట్టినవానివద్దకును, ఎండుపిల్లను కొన్నవానివద్దకును పోవలెను. కూలికి మాత్రము అడ్వాన్సు రద్దుచేసి మరల ఇంటికి పోవు దారి చూపవలెను. వానకాలమున చేప గ్రుడ్లు పెట్టు నెలలలో వేట విరామము రెండు రాష్ట్రములును ఒకే దినమున ప్రకటించి, ఆ కాలమునకు లైసెన్సుదారులకు భృతి నీయవలెను. పిల్లలు పెరుగు పల్లపు ఖాతములను కొన్నిటిని వలకును గాలమునకును కూడ నిషిద్ధములుగా విడువవలెను. కిలో యెంతకు పోయినదో, ఏ జాతి యెంత పడినదో సహకార సంఘమే ప్రతి రేవున పుస్తకమున వ్రాసి, సొంత కాటా పెట్టవలెను. ఆ పుస్తకము పదేండ్లు నడచిన పిమ్మట, కోటా యను మాటకు మన సీమలో అర్థము కలుగును.

గాలము విషయమున మూడు నియమములు చాలును. ఇంటికూరకు ఒక కర్రతో వేటాడువానిని ఏ రుసుమును అడుగరాదు. కాలువలకు భూములిచ్చిన ఊళ్లవారికి ఆ మాత్రపు హక్కు ధర్మసమ్మతము. గాలముతో పట్టి అమ్మువాడు సంఘములో చేరి లైసెన్సు తీసికొనవలెను. వినోదార్థము వచ్చువాడు దినమునకు ఇన్ని చేపలను హద్దునకు లోబడి, రుసుమును సంఘమునకు చెల్లింపవలెను. వానికి పుట్టిని నడుపువాడును, తావులు చూపువాడును ఆ తీరపు బెస్తయే కావలెను. అట్లైనచో గాలమువాని రాక వలవానికి పోటీ కాక ఆదాయమగును. దొంగచాటు అలివిని చూచినప్పుడు కబురు పంపు కన్నొకటి యధికముగ గట్టున నుండును.

లీజుపెట్టిన చెరువున ఈ స్వేచ్ఛ చెల్లదను అభ్యంతరము న్యాయమైనదే. అచ్చట సంఘము సొంత డబ్బుతో పిల్లలను పోసి, ఎండకు ఎండి కావలి కాచినది. అట్టి చెరువున అనుమతిలేని గాలము దొంగతనమే. పారు కాలువకును, ప్రభుత్వము పిల్లలను విడిచిన జలాశయమునకును, లీజు చెరువునకును నియమములు వేరువేరుగ నుండవలెను. మూడింటిని ఒకటిగా చూచుటవలననే మన గట్లపై మాటామాటా పెరుగుచున్నది.

వాటాల వరుస యిట్లుండవలెనని నా విన్నపము: తొలి పాలు చేప సంతతిది, రెండవది ఆ నీటిపై బ్రతుకువానిది, మూడవది కూరకై, సంతోషమునకై గాలము వేయువానిది, పెట్టుబడికి వలకన్ను దాటి పెరిగిన చేపలోనే పాలు. 2022 ఏప్రిల్ 4న యేర్పడిన నంద్యాల జిల్లాలో శ్రీశైలపు వెనుకనీటిలో నొక భాగమును, వెలుగోడు, గోరకల్లు, అవుకు జలాశయములును, కె.సి. కెనాల్, తెలుగుగంగ కాలువల భాగములును ఒకే జిల్లా పాలనక్రింద నున్నవి. మత్స్యశాఖ, నీటిపారుదలశాఖ, అటవీశాఖ, మత్స్యకార సంఘములు, రెండవ గట్టు అధికారులు ఒకచోట కూర్చుండుటకు ఇది అనుకూలమైన యేర్పాటు. పోతిరెడ్డిపాడు తూములు ఎత్తుటకు ముందు నీటి పంపకముపై ఏటేట సమావేశములు జరుగుచున్నవి. ఆ సమావేశములలో చేపకును, జాలరికిని ఒక కుర్చీ వేయించుట మన శాసనసభ్యులు ఈ యేటనే చేయగల పని.